సీసాకి నీడ, మనిషికి ఎండ

అమెరికాలో కొల్లాయిడల్ సిల్వర్ అని ఒక వెండినీళ్లు అమ్ముతారు. కంటికి ఆననంత సన్నటి వెండి రేణువులు నీళ్లలో తేలుతుంటాయి. జలుబు మొదలు క్యాన్సర్ దాకా దానికి లొంగని రోగం లేదంటారు. రోగాల మాట అలా ఉంచి, ఆ నీళ్లకు పట్టే మడి చూడండి. ముదురు రంగు గాజు సీసాలోనే ఉంచాలి, ఎండ తగలకూడదు, గడ్డ కట్టకూడదు, ఉప్పు సోకకూడదు. ఈ నియమాల్లో అబద్ధం లేదు. రేణువులు విడివిడిగా ఉన్నంతసేపే తేలతాయి, ఉప్పు పడిందా ముద్దకట్టి అడుక్కి దిగుతాయి. ఇంత మడిగా కాపాడిన సరుకును చివరికి ఒంపేదెక్కడ? హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరే కడుపులో. దాన్ని దాటి బయటపడ్డ కాస్త వెండీ చేరేది ఉప్పటి రక్తంలోకే. చిటికెడు ఉప్పుకు చెడిపోయే వీరుడు ఒళ్లంతా తిరిగి క్రిములను ఊచకోత కోస్తాడట!

ఇక వెలుతురు సంగతి. పాత ఫొటో ఫిల్ముల మీద పూసింది వెండి లవణాలే, వెలుతురు సోకితే నల్లబడటం వాటి గుణం. ఒంట్లో పేరుకున్న వెండీ ఎండ తగిలే చర్మంలో ఆ గుణమే చూపిస్తుంది. డాక్టర్లు దీన్ని ఆర్జీరియా అంటారు. మోంటానాలో 2002లో సెనేట్‌కు పోటీ చేసిన స్టాన్ జోన్స్, 2000 రాగానే కంప్యూటర్లు మొరాయిస్తాయన్న వైటూకే భయంతో, యాంటీబయాటిక్స్ దొరకవేమోనని 1999 నుంచే ఇంట్లో ఈ నీళ్లు తయారుచేసుకుని తాగాడు. మందులకు కొరత రాలేదు గానీ ఆయన ముఖం నీలిబూడిద రంగుకు తిరిగింది. సీసాను ఎండలో పెట్టొద్దని చెప్పేవాళ్లు, తాగినవాణ్ణి ఎండలో పెట్టొద్దని చెప్పరెందుకో.

వెండి క్రిములను చంపదా అంటారు. చంపుతుంది, కాలిన గాయాలకు సిల్వర్ సల్ఫాడయజిన్ పూసేది అందుకే. అది పైపూత. పిల్లలకు వెండి ఉగ్గుగిన్నెతో పట్టలేదా అంటారా, గిన్నెలోని ఉగ్గు పట్టారు గానీ గిన్నెను అరగదీసి పట్టలేదు. పోతే, దీన్ని తొక్కిపెట్టింది మందుల కంపెనీల కుట్రేనన్న మాట. ఆ పైపూత అమ్ముకునేదీ మందుల కంపెనీలే. తాగిస్తే నిజంగా పనిచేసేదైతే ఆ బేరం వదులుకునేంత అమాయకులా? అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే ఈ సరుకును మందుగా సురక్షితమనీ, పనిచేస్తుందనీ ఒప్పుకోలేమని తేల్చేసింది. అమ్మేవాళ్లు లేబుల్ మీద ‘ఆహార పూరకం’ అని రాసుకుని దుకాణం నడుపుకుంటున్నారు. టీవీ బోధకుడు జిమ్ బేకర్ కరోనా వేళ వెండినీళ్లు అమ్మితే మిస్సోరి రాష్ట్రం 2020లో కోర్టుకీడ్చింది. మరుసటి ఏడు 1,56,000 డాలర్లు కొన్నవాళ్లకు వాపసు ఇస్తానని రాజీపడ్డాడు. తప్పు చేశానని మాత్రం ఒప్పుకోలేదు.