అట్ట కింద గన్నారెడ్డి

నేను జంషెడ్‌పూర్‌లో దిగింది మారుపేరుతో. 1958లో, శ్రీకాకుళం జిల్లా నుంచి కాపురానికి వస్తున్న కొత్త కోడలి ట్రంకుపెట్టెలో, చీరల అడుగున. ఖరగ్‌పూర్‌లో బండి మారి టాటానగర్ స్టేషన్‌కి చేరేసరికి నా ఒంటిమీద క్యాలెండరు కాగితంతో వేసిన అట్ట, దానిమీద గుండ్రటి చేతిరాతలో ‘పెద్ద బాలశిక్ష’ అని ఉంది. లోపలున్న నేను అడివి బాపిరాజు గారి నవల ‘గోన గన్నారెడ్డి’ని. నవలలు చదివే పిల్ల అని తెలిస్తే అత్తవారు ఏమంటారోనని ఆవిడకు బెంగ.

వేషం నాకు కొత్త కాదు. నా కథే వేషాల కథ. కాకతీయ గణపతిదేవుడు కూతుర్ని కొడుకులా పెంచి రాజ్యం చేతిలో పెడతాడు. ఇది నవల కోసం అల్లింది కాదు, శాసనాల్లోనూ రుద్రమదేవి ‘రుద్రదేవ మహారాజు’. ఇక గన్నారెడ్డి. ఊరంతా గజదొంగ అంటుంది. ఆదవోనిలో అన్నాంబిక పెళ్లి జరుగుతుంటే వచ్చిపడి పెళ్లికొడుకు వరదారెడ్డిని ఎత్తుకుపోతాడు. పెళ్లికూతుర్ని ఎత్తుకుపోయే కథలు బోలెడున్నాయి. పెళ్లికొడుకునెందుకు? ఈ ప్రశ్నకు జవాబు నా కడుపులోనే ఉంది కానీ నోటితో చెప్పను.

1940లలో నన్ను రాసిన బాపిరాజు గారు చిత్రకారుడు కూడా. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర బొమ్మలు నేర్చారు. అదే నా బలం, అదే నా జబ్బు. గుర్రం దౌడు తీస్తూ ఉంటుంది, ఇంతలో ఆయన కంటికి రౌతు ఆభరణాలు కనబడతాయి. ఇక గుర్రం ఆగాల్సిందే, పాఠకుడూ ఆగాల్సిందే. కోడలు మాత్రం ఆ నగల దగ్గరే ఎక్కువసేపు ఆగేది.

ఇల్లు కద్మాలో కంపెనీ క్వార్టరు. రెండు గదులు, వెనక బొగ్గుల పొయ్యి. నా మకాం బియ్యం డబ్బా వెనక. రాత్రి కార్ఖానాలో స్లాగు పారబోసినప్పుడు ఆకాశం సగం ఎర్రబడేది. ఆ వెలుగు వంటింటి కిటికీ దాకా వచ్చి నా పేజీ మీద పడేది. కోడలు ఆ కాసేపట్లో ఓ నాలుగు వాక్యాలు లాగించి, చీపురుపుల్ల గుర్తు పెట్టి మూసేసేది.

మావగారు కోక్ ఓవెన్లలో పని. సి షిఫ్టంటే రాత్రి పదికి వెళ్లి పొద్దున ఆరుకి దిగేవారు. ఆయన మాట కరుకు. పక్క క్వార్టరు వాళ్ల అమ్మాయి వారపత్రిక పట్టుకుని కనిపిస్తే, “నవల్లు సదివే ఆడది వండిన పప్పులో ఉప్పుండదు” అన్నారు. కోడలు ఆ రోజు పప్పులో రెండుసార్లు ఉప్పేసింది.

కొన్నాళ్లకు చీపురుపుల్ల కదలడం మొదలైంది. పెట్టిన చోట ఉండేది కాదు. ఒకరోజు పది పేజీలు ముందుకి, మరోరోజు వెనక్కి. కోడలికి ముందు అత్తగారి మీద అనుమానం. ఆవిడకు సంతకం తప్ప అక్షరం రాదు. మొగుడి మీదకు మళ్లింది. ఆ మహానుభావుడికి ఫుట్‌బాల్ తప్ప ప్రపంచం లేదు. నాకు తెలుసు ఎవరో. పొద్దున ఆరున్నరకు, ఇంట్లో వాళ్లు పంపు దగ్గర నీళ్లకు నిలబడే వేళ, ఒక చెయ్యి నన్ను తీసేది. ఎంత సబ్బు రుద్దినా వేలి గీతల్లో నలుపు పోని చెయ్యి. పెదాలు కదుపుతూ, ఒత్తులు కూడబలుక్కుంటూ చదివేది ఆ మనిషి. వరదారెడ్డిని ఎత్తుకుపోయే పేజీలో, అడుగున కుడి మూల, బొటనవేలు అచ్చు పడిపోయింది. సున్నాలో సున్నాలాగా గీతలన్నీ లెక్కపెట్టొచ్చు. దాని కింద ఒక మాట మునిగిపోయింది.

గుట్టు రట్టయింది మాత్రం భోజనాల దగ్గర. ఎవరిదో పెళ్లి తప్పిపోయిందన్న మాట వచ్చింది. అత్తగారు అయ్యో అంటుంటే మావగారు అన్నం కలుపుతూ, “పీటల మీద పెళ్లికొడుకునే ఎత్తుకుపోనాడు గదా, ఇదెంత?” అనేశారు.

“ఎవలు?” అంది అత్తగారు.

కోడలి చేతిలో పులుసు గరిటె గాలిలో ఆగిపోయింది. ఆయన తల ఎత్తలేదు. మజ్జిగ పొయ్యమన్నారు.

మర్నాడు నేను బియ్యం డబ్బా వెనక లేను. కొత్త అట్టతో, ఆయన టీ గ్లాసు పక్కన ఉన్నాను. పైన పేరు మాత్రం ‘పెద్ద బాలశిక్షే’. నాలుగు రోజులు గడిచాక ఆయన నన్ను తిరిగి పెట్టి, “ఈ బాలశిక్ష రెండో భాగముందేటమ్మా?” అని అడిగారు.

ఆ తర్వాత చేతులు మారాను. బిస్టుపూర్ రామమందిరంలో నవమి పందిట్లో ఒక సంచిలోంచి మరో సంచిలోకి దూకి సోనారి, గోల్మురి, టెల్కో అన్నీ చూసొచ్చాను. ఒకరు నా వెనకట్ట మీద పాలలెక్క రాశారు. దాని గురించి మాట్లాడదలచుకోలేదు.

ఇప్పుడు ఆ కోడలే మామ్మ. మనవడికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. బడిలో హిందీ, ఇంగ్లీషు. 2015లో వచ్చిన గుణశేఖర్ సినిమా ‘రుద్రమదేవి’ని హిందీలో చూశాడు కాబట్టి గన్నారెడ్డి అంటే వాడికి అల్లు అర్జున్. నన్ను తిరగేసి, “మామ్మా, ఇదంతా జిలేబీల్లా ఉంది” అన్నాడు. నాలో రహస్యం అన్నాంబిక పెళ్లి గురించే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ. ఒక్కో అక్షరమూ ముసుగు వేసుకుని నిలబడుతుందనుకోలేదు.

వాడు ఊరుకునే రకం కాదు. రుద్రమ ఎలా పోయిందని ఫోనులో వెతికాడు. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం, 1289 నవంబరు, శివలోక ప్రాప్తి అని వచ్చింది. సామంతుడు అంబదేవుడితో యుద్ధంలోనే పోయిందని చరిత్రకారుల ఊహ. శాసనం ఆ సంగతి చెప్పదు. “మరి ఈ పుస్తకంలో?” అని అడిగాడు. “అంతవరకూ పోదురా ఇది” అంది మామ్మ.

అప్పుడు వాడు ఫోనును నా మీద వంచి ఫోటో తీశాడు. ఫోను చదవడం మొదలుపెట్టింది. ఒక ఆడగొంతు, రైల్వే స్టేషన్లో ప్రకటన చెప్పినట్టు, పెళ్లి పందిరి, గుర్రాల డెక్కలు అన్నీ ఒకే స్థాయిలో. మామ్మ కళ్లు మూసుకుని వింటోంది. పేజీ అడుగుకొచ్చేసరికి గొంతు తడబడింది. ఏదో గొణిగింది, ఒక మాట దాటేసి కింది వాక్యంలోకి పోయింది.

“ఆపు. అక్కడొక మాట మింగేసింది” అంది మామ్మ, కళ్లు తెరవకుండానే.

మనవడు నా మీదకు వంగాడు. “ఇక్కడేదో మరక మామ్మా. నల్లగా, గుండ్రంగా.”

“మరక కాదురా, మా మావగారు” అని, దాని కిందున్న మాట చెప్పింది.