ఐదు కొండల పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

తే.గీ. గోడ లేనట్టి కోటకు గొప్ప రాజు
పరుగులెత్తుచు బంతిని పట్టినేమి?
ఐదు కొండల దెచ్చి నీవడ్డపెట్టు
వీచి! చైత్రంబు వచ్చెను, వెదకుమింక.

అవతారిక

పద్యం నాదే, దోషాలూ నావే. సొంత పద్యానికి సొంత టీక రాసుకోవడం పెద్దలు మెచ్చే పని కాదు. కానీ మరొకరు పూనుకుంటారని కూర్చుంటే, ఈలోగా కాన్సస్ సిటీ చీఫ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టువాళ్ళు ఆ గోడను ఇంకో రెండుసార్లు కూల్చి కట్టేట్టున్నారు.

కథాకాలం 2021 ఫిబ్రవరి 7, ఆదివారం రాత్రి. కరోనా పుణ్యమా అని తిరుగు ప్రయాణం ఆగిపోయి, కాన్సస్ సిటీ పక్కనే ఓవర్లాండ్ పార్కులో అమ్మాయి ఇంట్లో ఉండిపోయాను. టీవీలో టాంపా నుంచి సూపర్ బౌల్, అంటే ఆ లీగు ఆఖరి పోటీ. అల్లుడు వీపు మీద 15 అంకె ఉన్న ఎర్ర చొక్కా తొడుక్కుని సోఫా అంచున కూర్చున్నాడు. ముందు బల్ల మీద మిరపకాయ బజ్జీలు. ఆట ఆఖరి భాగంలో ఆ 15వ నంబరు కుర్రాడే, ప్యాట్రిక్ మహోమ్స్, తరిమేవాళ్ళను తప్పించుకుంటూ వెనక్కీ పక్కకీ పరుగెత్తి, చివరికి పడిపోతూ, ఒళ్ళు నేలకు బారుగా గాల్లో ఉండగా బంతి విసిరాడు. అది తిన్నగా వెళ్ళి, గోల్ గీత దాటి నిలబడ్డ సహచరుడి ముఖం మీది ఊచలకు తగిలి కింద పడింది. అలాంటి విసురు మరొకడి వల్ల కాదు. అలా వృథా కావడం కూడా. 31–9తో చీఫ్స్ ఓడిపోయారు. బజ్జీలు చల్లారిపోయాయి.

“లైన్ లేదండీ మామయ్యగారూ” అన్నాడు అల్లుడు చాలాసేపటికి. నేను ఫోను లైను సంగతి అనుకున్నాను.

ప్రతిపదార్థం

గోడ లేనట్టి = అఫెన్సివ్ లైన్ లేని. క్వార్టర్‌బ్యాక్‌కు, అంటే బంతి విసిరే రాజుకు, ముందు ఐదుగురు నిలబడతారు. నడుమ సెంటర్, అతనికి చెరోపక్క గార్డులు, వాళ్ళకవతల టాకిళ్ళు. ఒక్కొక్కరూ ఇంచుమించు 140 కిలోలు. రాజు బంతి విసిరేదాకా, అంటే రెండు మూడు సెకన్లు, ఎవరినీ లోపలికి రానివ్వకపోవడం వీళ్ళ ఉద్యోగం.

ఐదుగురూ నిలబడే ఉన్నారు కదా, ‘లేనట్టి’ అనడం అతిశయోక్తి కాదా అని శిష్యుడు అడగవచ్చు. నిలబడ్డారు, కానీ ఎవరి చోట వాళ్ళు లేరు. ఎడమ టాకిల్ ఎరిక్ ఫిషర్‌కు అంతకు ముందు ఆటలోనే మడమ పైనరం తెగింది. కుడి టాకిల్ మిచెల్ స్వార్ట్జ్ నడుము నొప్పితో అక్టోబరు నుంచే ఇంటిపట్టున ఉన్నాడు. గార్డు లోరాన్ డువర్నే-టార్డిఫ్ చదువుకు వైద్యుడు. ఆ ఏడాది ఆటకు సెలవు పెట్టి, క్యూబెక్‌లో వృద్ధులుండే సంరక్షణ కేంద్రంలో పనిచేయడానికి వెళ్ళిపోయాడు. (వ్యాఖ్యాత ఇక్కడ ఒకసారి లేచి నిలబడి కూర్చున్నాడు.) దాంతో కుడివైపు ఆడుతున్న రెమర్స్‌ను ఎడమకు, గార్డు వైలీని కుడి టాకిల్‌కు జరిపారు. వంటింటి తలుపు ఊడదీసి వీధి గుమ్మానికి బిగించారన్నమాట.

కోటకు = జట్టుకు.

గొప్ప రాజు = మహోమ్స్. 2020 వేసవిలో పదేళ్ళకు 45 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చారు. ‘గొప్ప’ శబ్దానికి వేరే ప్రమాణం అక్కర్లేదు.

పరుగులెత్తుచు = ఆ రాత్రి అతను బంతి విసిరేలోపో, దొరికిపోయేలోపో అటూ ఇటూ పరుగెత్తిన దూరం 497 గజాలని లెక్కగట్టారు. మైదానం పొడవు 100 గజాలు. అదీ బొటనవేలి గాయంతో. ఆ వారంలోనే దానికి ఆపరేషన్ చేశారు.

బంతిని పట్టినేమి = బంతి చేతిలో ఉండి ఏం లాభం? వ్యాకరణం ప్రకారం ‘పట్టిననేమి’ అని ఉండాలి. గణం ఒప్పుకోక కవి ఒక నకారాన్ని ఇంటికి పంపాడు. ఇది దోషమే. అయితే ఇదే జట్ల లెక్క కూడానని గ్రహించాలి. ఈ లీగులో ప్రతి జట్టుకూ జీతాలకు ఒక కట్టు ఉంది, శాలరీ క్యాప్ అంటారు. తేటగీతికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు అని ఉన్నట్టే. ఎంత ఐశ్వర్యవంతుడైనా కట్టు దాటితే పద్యం కాదు. పైగా 2020లో స్టేడియాలు ఖాళీగా ఉండి రాబడి పడిపోవడంతో ఆ కట్టు 19.82 కోట్ల డాలర్ల నుంచి 18.25 కోట్లకు దిగింది. సీసం రాసుకుంటున్నవాణ్ణి పిలిచి, రేపటి నుంచి ఆటవెలదిలో సర్దుకోమన్నట్టు.

అందుకని 2021 మార్చి 11న ఫిషర్‌నీ స్వార్ట్జ్‌నీ ఒకే రోజు వదిలేశారు. ఫిషర్ 2013 డ్రాఫ్టులో, అంటే కాలేజీ కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఏరుకునే వేళ, దేశం మొత్తం మీద మొదటివాడు. స్వార్ట్జ్ తన తొలి ఆట నుంచి 2019 నవంబరు దాకా వరుసగా 7,894 స్నాప్‌లు (సెంటర్ బంతి అందించి ఆట కదిలించే ప్రతిసారీ ఒక స్నాప్) ఒక్కటీ వదలకుండా ఆడినవాడు. గాయపడి ఉన్నారు, ఖరీదైనవాళ్ళు, నకారాలు. ఆ రోజు మహాశివరాత్రి. మా అల్లుడు ఉపవాసం ఉండలేదు కానీ జాగారం మాత్రం చేశాడు, ఫోను చూస్తూ.

ఐదు కొండల = ఐదుగురు లైన్‌మెన్‌ను. ఏడుకొండలని ఎందుకనలేదని భక్తులకు సందేహం. నియమం నిజంగానే ఏడు: స్నాప్ వేళకు ఏడుగురు గీత మీద ఉండి తీరాలి. కానీ వారిలో ఇద్దరికి బంతి అందుకునే హక్కుంది, కాబట్టి వాళ్ళు కొండలు కారు. మిగిలిన ఐదుగురికీ ముందుకు విసిరిన బంతిని పట్టే యోగం రాసిపెట్టి లేదు. ఎదుటివాణ్ణి చొక్కా పట్టి ఆపితే 10 గజాల జరిమానా. వాళ్ళ నంబరు మైకులో వినబడేది అప్పుడే.

దెచ్చి = తెచ్చి. ఈ ఒక్క క్రియలో మూడు దారులున్నాయి: కొనడం, మారకం, ఏరుకోవడం. కొన్నది జో థూనీని, ఐదేళ్ళకు 8 కోట్ల డాలర్లు. గార్డుకి అంతా అన్నారు. ఇవ్వాల్సిందే అని నా తీర్పు. ఇల్లు కట్టేటప్పుడు మొదట మంచి మేస్త్రిని పెట్టుకోవాలి. ఆట మానేసి కూర్చున్న కైల్ లాంగ్‌ను కూడా పిలిపించారు. అతను వేసవి సాధనలోనే మోకాలు దెబ్బతీసుకుని ఒక్క ఆటా ఆడలేదు.

మారకంలో వచ్చినవాడు ఓర్లాండో బ్రౌన్. తండ్రీ ఇదే ఆటలో టాకిల్, పేరూ ఓర్లాండో బ్రౌనే. కొడుకు ఎడమ టాకిల్ కావాలని ఆయన కోరిక. బాల్టిమోర్ వాళ్ళు కుడివైపు నిలబెట్టబోతే కుదరదన్నాడు. కుడిచేతి వాటం రాజుకు బంతి విసిరేటప్పుడు వీపు ఎడమవైపు ఉంటుంది, కాబట్టి అది కంటికి కనబడని దిక్కు, నమ్మినవాడే కాయాల్సిన దిక్కు. పితృవాక్యం కోసం అడవికి వెళ్ళినవాళ్ళను చదివాం, కాన్సస్ సిటీకి వచ్చినవాణ్ణి ఇప్పుడే చూశాం. ఇతని కోసం ఆ ఏటి మొదటి రౌండు ఎంపికతో పాటు మరికొన్ని ధారపోశారు.

ఏరుకోవడంలోనే అసలు చమత్కారం. 63వ వంతులో క్రీడ్ హంఫ్రీ దొరికాడు. సెంటర్, ఎడమచేతి వాటం. సెంటరంటే ఉత్తి కాళ్ళ సందునుంచి బంతి అందించేవాడు కాడు. అందించే ముందు అవతలివాళ్ళ కొలువు తేరిపార చూసి, ఎవరు ఎవరిని ఆపాలో కేకేసి చెప్పేది అతనే. 226వ వంతులో ట్రే స్మిత్. కాలేజీ రోజుల్లో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కట్టిన చరిత్ర ఉందని జట్లన్నీ జంకి వదిలేస్తే అంత కిందకి జారాడు. మొదటి ఆట నుంచే కుడి గార్డు అతనే. బజారులో మచ్చ ఉందని పక్కకు నెట్టిన మామిడిపండు కోసి చూస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి ఇంకేం రాయను.

నీవు = నీవు. అడ్డపెట్టు = స్పష్టం.

వీచి! = ఓ బ్రెట్ వీచ్! చీఫ్స్ జనరల్ మేనేజరు. ‘వీచి’ అంటే సంస్కృతంలో అల, తెలుగులో గాలి చేసే పని. కొండలు తెచ్చేవాడి పేరు అల అయింది. ఇది శ్లేష అని నేను, గారాబం అని అమ్మాయి.

చైత్రంబు వచ్చెను = ఇది సగం అబద్ధం. ఫిషర్ వెళ్ళింది మాఘంలో, థూనీ వచ్చింది ఫాల్గుణంలో. బ్రౌన్ మారకం కుదిరిన ఏప్రిల్ 23 మాత్రం అచ్చంగా చైత్ర శుద్ధ ఏకాదశి. హంఫ్రీ, స్మిత్ చైత్ర బహుళంలో వచ్చారు. పద్యం కోసం కవి పంచాంగాన్ని కాస్త జరిపాడు.

వెదకుమింక = వెదకుము + ఇంక; ఇంక = ఇప్పుడు.

తాత్పర్యం

రాజు ఎంతటివాడైనా ఎదుట గోడ లేకపోతే పరుగే గతి. వీచ్ గారూ, చలికాలం పోయింది, బయల్దేరండి.

విశేషాలు

ఇలాంటి పద్యం నాకెందుకు పట్టిందని ఇంట్లోవాళ్ళ ప్రశ్న. రఘువంశం పరీక్షకు చదివిన రోజుల్లో మేం శ్లోకాన్ని ఒకసారి, మల్లినాథుడి టీకను నాలుగుసార్లు చదివేవాళ్ళం. మెదక్ దగ్గర కొల్చారం ఆయనది. చెడ్డ వ్యాఖ్యల విషంతో కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని, తన టీకకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. మార్కులొస్తే కాళిదాసును పొగిడాం, రాకపోతే టీక అర్థం కాలేదన్నాం. ఆ రాత్రి ఐదుగురు తప్పు చోట నిలబడి చెమటలు కక్కుతుంటే, నేను రాజును కాక వాళ్ళనే చూస్తున్నానని అల్లుడు ఆలస్యంగా కనిపెట్టాడు.

2021 సెప్టెంబరు 12న క్లీవ్‌లాండ్ మీద తొలి ఆటకు ఐదుగురూ కొత్తవాళ్ళే. హంఫ్రీ, స్మిత్, కుడి టాకిల్ నియాంగ్ అంతకు ముందు ఈ లీగులో ఒక్క ఆటా ఆడి ఎరుగరు. 33–29తో గెలిచారు. ఫలశ్రుతి 2023 ఫిబ్రవరి 12న. ఆ సీజన్‌లో ఎదుటి రాజులను 70 సార్లు పడగొట్టిన ఫిలడెల్ఫియా సూపర్ బౌల్‌లో మహోమ్స్‌ను ఒక్కసారీ పడగొట్టలేదు. 38–35తో చీఫ్స్‌దే గెలుపు. ఆ రోజు గడ్డి జారుడుగా ఉంది, అందుకే తరిమేవాళ్ళ కాళ్ళు ఆనలేదు అని పూర్వపక్షం. గడ్డి ఇద్దరికీ ఒకటే అని సిద్ధాంతం. కుడి టాకిల్ స్థానంలో ఎవరున్నారో చూడండి: వైలీ. టాంపాలో వీధి గుమ్మానికి బిగించిన వంటింటి తలుపే.

సవరణ

2025 ఫిబ్రవరి 9న అదే ఫిలడెల్ఫియా 40–22తో ఓడించింది, మహోమ్స్‌ను ఆరుసార్లు పడగొట్టింది. ఎడమ టాకిల్ కుదరక గార్డు థూనీని అక్కడికి జరిపి ఉన్నారు. మార్చిలో థూనీని ఒక నాలుగో రౌండు ఎంపికకు షికాగోకు ఇచ్చేశారు. ఏప్రిల్ 24న 32వ వంతులో, మోకాలి గాయం నుంచి కోలుకుంటున్న జాష్ సిమన్స్ అనే ఎడమ టాకిల్‌ను ఏరుకున్నారు. పంచాంగం తీశాను: చైత్ర బహుళ ఏకాదశి.

కాబట్టి పైన ‘ఇంక’ శబ్దానికి నేను రాసిన అర్థాన్ని కొట్టివేసి, ‘మళ్ళీ’ అని చదువుకోగలరు.