చవక ట్రాక్టర్ కొనేవాళ్లు చెవిన పెట్టకూడని సలహాలు

ట్రాక్టర్ కొంటున్నామన్న మాట ఊళ్లో పొక్కితే చాలు, సలహాలకు కొదవుండదు. టీకొట్టు దగ్గర ఒకటి, ఎరువుల షాపు ముందు ఒకటి, షోరూం మెట్ల మీద ఇంకొకటి. చెప్పేవాళ్లలో చాలామంది మన మంచి కోరేవాళ్లే. అయితే వాళ్లు చెప్పేదంతా బండి కొనే రోజు గురించి. రైతుకు బండి అక్కర పడేది తొలకరి వాన పడి నేల పదును మీదున్నప్పుడు, కాలువకు నీళ్లొదిలి ఊరంతా దమ్ముకు దిగినప్పుడు. పదును మూడు నాలుగు రోజులకు మించి ఆగదు. ఆ రోజుల్లో బండి పొలంలో ఉందా, షెడ్డులో ఉందా అన్నదే అసలు లెక్క.

తక్కువ ధర ట్రాక్టర్ కొనడంలో తప్పేమీ లేదు. చిన్న కమతం రైతు అప్పు తగ్గించుకోవాలనుకోవడం తెలివైన పని. కానీ ఆ నాలుగు రోజులూ బండి ఆగకుండా చూడగల డీలరు దగ్గర్లో లేకుండా కొంటే, మిగిలిన డబ్బు మొదటి సీజనులోనే కరిగిపోతుంది. తరచూ వినబడే సలహాలు ఎక్కడ దారి తప్పిస్తాయో ఒక్కొక్కటే చూద్దాం.

1. "ముందు బేరం తెంచుకో, మిగతావి తర్వాత చూసుకోవచ్చు"

తర్వాత చూసుకోవడానికి ఏమీ మిగలదు. అడ్వాన్సు చేతిలో పడేదాకే డీలరు మీ మాట వింటాడు. మీరు అడగాల్సిన ప్రశ్నలన్నీ బేరానికి ముందే అడగాలి.

తగ్గింపు పేరుతో చెప్పే ధరనూ విడదీసి చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు వచ్చింది. అది ప్రభుత్వం తగ్గించిన పన్ను. దాన్ని తన తగ్గింపుగా చెప్పే డీలరు ఉంటే, బండి ధర, పన్ను, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ విడివిడిగా రాసిమ్మనండి. బంపరు, టాపు, టాప్‌లింకు, హుక్కు ఉచితమంటే సంతోషమే కానీ, బండి ఆగిన రోజు అవేవీ పనికిరావు.

ఇక లెక్క వేద్దాం. రెండు కంపెనీల బండ్ల మధ్య తేడా యాభై అరవై వేలు అనుకోండి. కిరాయి గంటకు వెయ్యి, రోజుకు ఎనిమిది గంటల పని అనుకుంటే, సీజనులో వారం రోజులు బండి ఆగితే పోయే కిరాయి 56 వేలు. డీజిలు, డ్రైవరు కూలీ తీసేసినా అందులో సగం దాకా మీకు రావలసిన డబ్బే. సొంత పొలం అదను తప్పితే కలిగే నష్టం దీనికి అదనం. వేలల్లో మిగిలిన ధరను ఒక్క ఆయిల్ సీలు కోసం చూసిన ఎదురుచూపు మింగేయగలదు.

2. "అన్ని ట్రాక్టర్లూ ఒకటే, రంగే తేడా"

కొంతవరకు నిజమే, అందుకే ఈ మాట నమ్మబుద్ధవుతుంది. బ్యాటరీ, టైర్లు, సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటరు, డీజిల్ పంపు చాలా కంపెనీలు బయటి తయారీదారుల దగ్గరే కొంటాయి. ఇవి ఏ పట్టణంలోనైనా దొరుకుతాయి. కానీ గేర్లు, క్రౌను, హైడ్రాలిక్ వాల్వులు, ఇంజిన్ బ్లాకు, హౌసింగులు ఆ కంపెనీవే కావాలి. బండిని వారాల తరబడి ఆపేవి ఈ రెండో రకం సామాన్లే. ఏది బయట దొరుకుతుంది, ఏది కంపెనీ నుంచే రావాలి అని డీలరును అడిగి జాబితా రాసుకోండి.

బండ్ల మధ్య అసలు తేడా తెలుసుకోవడానికి సర్కారే ఒక దారి చూపించింది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ పరీక్షా సంస్థ ఉంది. అక్కడ బండిని నడిపి, పీటీవో (పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు) దగ్గర వచ్చే బలం, డీజిల్ ఖర్చు, లాగే శక్తి, హైడ్రాలిక్ ఎత్తే బరువు కొలుస్తారు. ఆ తర్వాత భాగాలు విప్పి అరుగుదల చూస్తారు. మీరు అనుకుంటున్న మోడలు బుద్నీ నివేదిక చూపించమని డీలరునడగండి. ఇంగ్లిషులో ఉంటుంది, చదివిన పిల్లల చేత చదివించుకోండి. రెండు మోడళ్ల నివేదికలు పక్కపక్కన పెడితే కరపత్రంలో కనబడనివి చాలా కనబడతాయి.

3. "అదే ధరకు ఎక్కువ హెచ్‌పీ వస్తుంటే వదులుకుంటారా?"

కరపత్రం మీద పెద్దక్షరాల్లో ఉండేది ఇంజిను హెచ్‌పీ. రోటవేటరును తిప్పేది పీటీవో హెచ్‌పీ. అది ఇంజిను హెచ్‌పీ కన్నా తక్కువే ఉంటుంది, ఎంత తక్కువన్నది బండిని బట్టి మారుతుంది. పోల్చాల్సింది ఆ రెండో అంకెను.

ఇంకో గీత ఉంది. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. దాంతో ఈ తరగతి ఇంజిన్లలో ఎలక్ట్రానిక్ కంట్రోలు, సెన్సర్లు వచ్చి చేరాయి. ఇంజిను మంచిదే, పొగ తక్కువ. కానీ హెచ్చరిక దీపం వెలిగితే కంపెనీ స్కానరు పెట్టి చూసే మనిషి రావాలి. ఊరి మేస్త్రీ చెవి పెట్టి విని లోపం పట్టేసే కాలం ఈ బండ్లకు లేదు. చవకగా వస్తోందని 50 గీత దాటేముందు, స్కానరు ఆ షోరూంలో ఉందా, వాడటం వచ్చిన మెకానిక్కు ఉన్నాడా, జిల్లా కేంద్రం నుంచి రావాలా అన్నది తేల్చుకోండి. నలభై అయిదు హెచ్‌పీతో మీ పని జరిగిపోయేటట్లయితే గీతకు ఇవతలే ఉండటం మేలు.

4. "ఆరేళ్ల వారంటీ ఉంది, భయమెందుకు?"

వారంటీ కార్డు చదవండి. ఏళ్ల పక్కనే గంటలు కూడా రాసి ఉంటాయి, ఏది ముందు నిండితే దాంతో వారంటీ సరి. కిరాయికి తిప్పే బండికి గంటలే ముందు నిండుతాయి. మొత్తం బండికి ఎన్నేళ్లు, ఇంజిను, గేరు బాక్సులకు మాత్రమే ఎన్నేళ్లు అన్న విడదీత కూడా అక్కడే ఉంటుంది. క్లచ్ ప్లేటు, ఫిల్టర్లు, రబ్బరు సామాను లాంటి అరిగే భాగాలు సాధారణంగా వారంటీలోకి రావు. టైర్లు, బ్యాటరీ, డీజిల్ పంపు వాటి తయారీ కంపెనీల పూచీ మీద నడుస్తాయి. వాటి కోసం ఎవరి దగ్గరికి వెళ్లాలో ముందే అడగాలి.

సర్వీసు తప్పితే వారంటీ నిలవదు. చాలా మోడళ్లకు మొదటి సర్వీసు 50 గంటల దగ్గర, ఆ తర్వాత సుమారు 250 గంటలకోసారి వస్తుంది. సరిగ్గా సీజను మధ్యలో ఆ గంటలు నిండుతాయి. అప్పుడు మెకానిక్కు పొలం దగ్గరికొస్తాడా, బండిని నలభై కిలోమీటర్లు తోలుకుపోవాలా? ప్రతి సర్వీసుకూ జాబ్ కార్డు తీసుకుని, అవర్ మీటరు అంకె వేయించి, సంతకం పెట్టించుకోండి. ఆ కాగితం లేకపోతే వారంటీ గురించి ఎంత వాదించినా గాలికి పోతుంది.

5. "డీలరు మనవాడే"

బంధువో, మన ఊరివాడో, మన పార్టీవాడో అయితే ధరలో ఓ అయిదు వేలు తగ్గించగలడు. గోడౌనులో లేని సామానును బంధుత్వం తెచ్చిపెట్టదు. పైగా మనవాడైతే గట్టిగా అడగలేం, రాసిమ్మనలేం, ఫిర్యాదు అసలే చేయలేం.

డీలరును కొలవాల్సింది స్పేర్ పార్టుల కౌంటరు దగ్గర. షోరూం ముందు నిలబెట్టిన కొత్త బండ్లను దాటి వెనక్కి వెళ్లండి. మీరు చూస్తున్న మోడలు పేరు చెప్పి నాలుగు సామాన్లు అడగండి: వెనక యాక్సిలు ఆయిల్ సీలు, క్లచ్ ప్లేటు, డీజిల్ ఫిల్టరు, హైడ్రాలిక్ పంపు రిపేరు కిట్టు. కౌంటరు మనిషి అరలోకి చెయ్యి పెట్టి తీస్తే ఆ షోరూంలో బండ్లకు పనులు జరుగుతున్నట్టే. ఫోను తీసి "ఆర్డరు పెడితే నాలుగైదు రోజుల్లో వచ్చేస్తుందండీ" అంటే, మీ బండి ఆగినప్పుడూ అదే మాట వింటారు. ఫిల్టరు ఉండి, సీలు లేదంటే అది కూడా గుర్తుంచుకోండి. వరి ప్రాంతంలో దమ్ము బురద ముందు దెబ్బ తీసేది సీళ్లనే. సీలు పోతే బురదనీళ్లు లోపలికి చేరి ఆయిలు తెల్లబడుతుంది, అలాగే తోలితే బేరింగులు పోతాయి. వందల్లో పోయేది వేలల్లోకి వెళ్తుంది.

అక్కడే షెడ్డులో విప్పిపెట్టిన బండ్లు కనబడితే వాటి యజమానులతో, డ్రైవర్లతో మాట్లాడండి. ఎన్నాళ్లయింది, దేనికోసం ఆగింది, ఎవరు ఏం చెప్పారు అని అడగండి. యజమాని తను కొన్నదాన్ని వెనకేసుకురావచ్చు. రోజంతా దాని మీద కూర్చునే డ్రైవరు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్తాడు.

వెళ్లడం కూడా సరైన కాలంలో వెళ్లాలి. వేసవిలో ఏ షెడ్డయినా తీరిగ్గానే ఉంటుంది. కొనడం వేసవిలోనే అయినా, దమ్ముల రోజుల్లో ఒకసారి ముందే వెళ్లి చూసి రండి. రద్దీలో రైతుతో ఎలా మాట్లాడుతున్నారో చూస్తే చాలు.

6. "మన ఊరి మేస్త్రీ ఏదైనా బాగుచేస్తాడు"

ఊరి మేస్త్రీ విలువ తక్కువేం కాదు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే. అందుకే ఆయన చేతికి అలవాటైన బండి ఏదో ముందు ఆయన్నే అడగాలి. ఏ కంపెనీ గేరు బాక్సు విప్పి బిగించాడు, దేనికి సామాను తేలిగ్గా దొరుకుతోంది, దేని హైడ్రాలిక్ సతాయిస్తోంది అన్నది ఆయనకు తెలిసినంతగా సేల్సు కుర్రాడికి తెలియదు. కానీ వారంటీలో ఉన్న బండిని బయట విప్పిస్తే కంపెనీ చేతులెత్తేయవచ్చు. పెద్ద పని షోరూంలో, చిన్న పని మేస్త్రీ దగ్గర అన్న గీత మొదటి రోజే గీసుకోండి. నకిలీ సామానుతో జాగ్రత్త. పెట్టె మీద పేరు ఒకేలా ఉంటుంది, బిల్లు అడగగానే తేడా బయటపడుతుంది.

బండి నడిపేవాళ్లకు, చిన్న మరమ్మతులు నేర్చుకోవాలనుకునేవాళ్లకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా కేంద్రం ఉంది. ఇంటి కుర్రాణ్ణి అక్కడికి పంపితే, చవక బండికి పెట్టే ప్రతి రూపాయీ ఎక్కువకాలం నిలుస్తుంది.

7. "మన చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేని బండి కొంటే గొప్ప"

చుట్టుపక్కల లేని బండికి చుట్టుపక్కల సామానూ ఉండదు, అమ్మబోతే కొనేవాడూ ఉండడు. పది ఊళ్లలో ఇరవై బండ్లున్న కంపెనీకి డీలరు సామాను నిల్వ చేస్తాడు. ఒకే ఒక్క బండి కోసం ఎవరూ చేయరు.

పెద్ద పేరున్న కంపెనీలే కనుమరుగైన దేశం మనది. 1971లో పింజోర్‌లో మొదలైన హెచ్ఎంటీ ట్రాక్టర్ ప్రభుత్వ రంగ సంస్థది. గట్టి బండి అని పేరు. 2016లో ఆ సంస్థ ట్రాక్టర్ విభాగాన్ని మూసేయడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ బండ్లు నేటికీ తిరుగుతున్నాయంటే ఊరూరా తెలిసిన మేస్త్రీలు, పాత సామాను దొరకడం వల్లే. యాజమాన్యం మారడం వేరు, మూతపడడం వేరు. 2005లో ఐషర్ ట్రాక్టర్లు టాఫే చేతికి, 2007లో స్వరాజ్ మహీంద్రా చేతికి వెళ్లాయి. బండ్లూ ఆగలేదు, సామానూ ఆగలేదు. కొత్త కంపెనీ చవక బండి తెచ్చిందంటే, మన జిల్లాలో ఆ డీలరు ఎన్నాళ్లుగా ఉన్నాడు, అంతకుముందు ఏ కంపెనీ డీలరుగా ఉండి ఎందుకు వదిలేశాడు అన్నది కనుక్కోండి.

8. "చవకది ఎప్పుడూ దండగే, అప్పయినా పేరున్నదే కొను"

ఇదీ తప్పుడు సలహానే. పేరున్న కంపెనీ బండి అయినా దగ్గరి డీలరు చేతకానివాడైతే ఆగేది ఆగుతుంది, పైగా కిస్తీ బరువు ఎక్కువ. పది కిలోమీటర్ల దూరంలో సామానున్న డీలరు, ఫోను చేస్తే మర్నాటికి పొలానికి వచ్చే మెకానిక్కు ఉంటే, తక్కువ ధర బండే ఆ ఇంటికి సరైన బండి. అనవసరమైన అప్పు మోయించే సలహా ఎంత ప్రేమతో చెప్పినా వినకండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు

బండిని షోరూం ముందు తోలి చూస్తే చాలదు, మీ పొలంలో మీ గొర్రు కట్టి తోలించండి. గొర్రును పైకెత్తి ఇంజిను ఆపి కాసేపు చూడండి. తనంతట తాను త్వరగా దిగిపోతుంటే హైడ్రాలిక్‌లో లీకు ఉన్నట్టు, కారణం చెప్పించుకోండి. బ్రేకులు ఆయిల్లో మునిగి ఉండే రకమా, పొడి రకమా అడగండి. దమ్ముకు దిగే బండికి ఆయిల్ బ్రేకులు మేలు.

ఆ తర్వాత డీలరు లెటర్‌హెడ్ మీద మూడు మాటలు రాయించి, సంతకం, ముద్ర వేయించండి. ఒకటి, ఫిర్యాదు చేశాక ఎన్ని గంటల్లో మెకానిక్కు పొలానికి వస్తాడు. రెండు, ఏయే సామాన్లు ఎప్పుడూ నిల్వ ఉంచుతాడు. మూడు, వారంటీ పని ఆలస్యమైతే కంపెనీలో ఎవరికి చెప్పుకోవాలి, ఏ నంబరుకు. సొంత జీవనోపాధి కోసం ట్రాక్టర్ కొన్న రైతు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారుడే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అక్కడ పనికొచ్చేది ఈ కాగితమే.

నమ్మకమున్న డీలరు ఈ మూడూ రాసివ్వడానికి వెనకాడడు. "మన మధ్య కాగితాలెందుకండీ" అన్నవాడి దగ్గర ఎంత తక్కువ ధరకొచ్చినా బండి కొనకండి. ఇంకో డీలరు దగ్గరికి వెళ్లండి.