ఏరియేటరు గోత్రం

దిండిలో బస్సు దిగిన కొత్త మనిషిని మేం అడిగే మొదటి ప్రశ్న "ఏ ఊరండీ మనది?" అని. రెండోది "ఎవరి తాలూకా?" అని. మూడో ప్రశ్నకొచ్చేసరికి కాఫీ గ్లాసు చేతిలో పెట్టి, ఆయన మేనత్త తోటికోడలు మాకు పిన్ని వరసని తేల్చేస్తాం. చించినాడ వంతెన దాటి టూరిజం రిసార్టుకొచ్చే హైదరాబాదు వాళ్ళకి ఇది మొదట్లో కాస్త ఇబ్బందే గానీ, హౌస్‌బోటు ఎక్కేలోపు అలవాటైపోతుంది. మనుషుల పుట్టుపూర్వోత్తరాలు ఇంత శ్రద్ధగా ఆరా తీసే మేం, ఇంట్లోకొచ్చిన వస్తువుని మాత్రం "ఎవరి తాలూకా" అని ఏనాడూ అడగలేదు. ఆ తప్పు ఈమధ్య మా మావయ్య చెరువు గట్టు మీద బయటపడింది.

మావయ్యకి ఊరి చివర లీజుకి తీసుకున్న రొయ్యల చెరువుంది. అందులో నాలుగు ఏరియేటర్లు. చూడని వాళ్ళ కోసం చెబుతున్నా: నీళ్ళ మీద తేలుతూ, రెక్కల చక్రాలతో నీళ్ళు చిమ్మి రొయ్యకి గాలి అందించే యంత్రం అది. ఓ రాత్రి వాటిలో ఒకటి గరగరా మూలిగి ఆగిపోయింది. తెల్లారగానే విప్పాం. పైన మూడు రంగుల స్టిక్కరు, "మేడ్ ఇన్ ఇండియా" అని. గేర్‌బాక్సు మూత తీస్తే లోపల పోతపోసిన చీనా అక్షరాలు. బేరింగు మీద జపాను పేరు. అది నిజంగా జపానుదో, జపాను పేరు పెట్టుకున్న పక్కింటోళ్ళదో ఆ అంతర్వేది నరసింహస్వామికే తెలియాలి. మావయ్య కొన్న కొట్టుకి ఫోన్ కొట్టాడు.

"ఇందులో మనదేంటి బాబూ?"

"బోల్టులు మనవేనండి. బిగించింది కూడా మనమేనండి. ఆయ్."

"గేర్‌బాక్సు పోయింది. కొత్తది ఎక్కడ దొరుకుద్ది?"

"అది మాత్రం కంటైనరు రావాలండి."

ఫోన్ పెట్టేసి మావయ్య నా వైపు తిరిగాడు. "బిగిస్తే పుట్టినట్టేనేంట్రా?" పేపర్లో నాలుగు ముక్కలు రాస్తాను కాబట్టి నాకన్నీ తెలుసని ఆయన నమ్మకం. ఆ నమ్మకం కాపాడుకోవడానికి కస్టమ్స్ రూల్సు తిరగేశాను. తిరగేశాక అర్థమైందేంటంటే, సుంకాల శాఖ వాళ్ళని మించిన పెళ్ళిళ్ళ పేరయ్యలు ఈ భూమ్మీద లేరు.

వాళ్ళ లెక్కలో సరుకు రెండు రకాలు. ఒకటి అచ్చంగా ఒకే గడ్డ మీద పుట్టింది: కొబ్బరికాయ, ధాన్యం, ఆవు ఈనిన దూడ. వీటితో పేచీ లేదు. నడిసముద్రంలో పట్టిన చేపకైతే, పట్టిన పడవ మీద ఏ దేశం జెండా ఎగిరితే ఆ దేశమే పుట్టిల్లు. చేపని ఎవరూ అడగరు. రెండో రకం పది దేశాల ముక్కలు కలిపి చేసింది. దీనికి మూడు పరీక్షలు. ముక్కలన్నీ కలిసి సుంకాల పట్టికలో వేరే శీర్షిక కిందికి వెళ్ళాయా అన్నది మొదటిది. పెళ్ళయిన పిల్లకి గోత్రం మారినట్టన్నమాట. ఆఖరి ధరలో ఈ దేశం వాటా ఎంత శాతం అన్నది రెండోది. ఇది కట్నం లెక్క. ఫలానా పని ఇక్కడే జరిగిందా అన్నది మూడోది. అంటే తాళి ఎక్కడ కట్టారని.

దేశాలు సుంకాలు తగ్గించుకునే ఏ వాణిజ్య ఒప్పందంలో ఏ పరీక్ష అన్నది ఇచ్చిపుచ్చుకోవడాల్ని బట్టి ఉంటుంది. ఆగ్నేయాసియా దేశాలతో 2010 జనవరి 1న మొదలైన ఒప్పందంలో మామూలుగా శీర్షికా మారాలి, 35 శాతం వాటా కూడా ఉండాలి. ఎమిరేట్స్‌తో 2022 మే 1న అమల్లోకొచ్చిన దాంట్లో చాలా సరుకులకి ఆ వాటా 40 శాతం. కడిగి, గంప మార్చి, లేబులు అంటించి, నాలుగు మరలు తిప్పినంత మాత్రాన జన్మ మారదని కూడా రాసుకున్నారు. అయినా ఎక్కడో పుట్టిన సరుకు మధ్యలో ఇంకో దేశంలో దిగి, స్నానం చేసి, బొట్టు పెట్టుకుని తక్కువ సుంకంతో లోపలికొచ్చేస్తోందని ఢిల్లీకి అనుమానం. అందుకని 2020 సెప్టెంబరు 21 నుంచి ఇంకో మెలిక పెట్టారు. అవతలి దేశం ఇచ్చిన సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, సరుకు అక్కడ ఎలా తయారైందో దిగుమతిదారు దగ్గర కూడా వివరం ఉండాలి. శుభలేఖ చూపిస్తే సరిపోదు, పెళ్ళికి వెళ్ళావా, విస్తట్లో ఏం వేశారు అని అడుగుతారు.

ఈ పట్టుదలంతా రేవు దగ్గరే. కొట్టు దగ్గరికొచ్చేసరికి చట్టం మనసు వెన్నలా కరుగుతుంది. దిగుమతి ప్యాకెట్టు మీద పుట్టిన దేశం పేరు గానీ, తయారైన దేశం పేరు గానీ, బిగించిన దేశం పేరు గానీ ఉండాలంటుంది నిబంధన. పుట్టినూరో, మెట్టినూరో, దారిలో టీ తాగిన ఊరో, ఏదో ఒకటి చెబితే చాలు. ఇక ఇక్కడే బిగించి ఇక్కడే అమ్మేదాని కడుపులో ఎవరి ముక్కలున్నాయో రాయమని ఆ నిబంధన అడగనే అడగదు. ప్రభుత్వం తన కొనుగోళ్ళకి మాత్రం కొలత పెట్టుకుంది. 50 శాతం, ఆపైన స్థానిక వాటా ఉంటే మొదటి తరగతి స్వదేశీ సరఫరాదారు. 20 నుంచి 50 లోపు ఉంటే రెండో తరగతి. రైలు టికెట్టులాగే స్వదేశీలో కూడా తరగతులున్నాయని మావయ్యకి అప్పుడే తెలిసింది. "మరి మన ఏరియేటరు?" అన్నాడు. జనరల్ బోగీ అని చెప్పాను.

ఇదంతా వింటూ కూర్చున్న మా కువైట్ బావ పకపకా నవ్వి, "నా పెట్టె విప్పుదాం రా, నీ రూల్సు ఎంతవరకు ఆగుతాయో చూద్దాం" అన్నాడు. కోనసీమలో గల్ఫ్ పెట్టె విప్పడమంటే చిన్న సైజు తీర్థం. ముందుగా పులి బొమ్మ బామ్. ఆ మూలికల వైద్యం చైనాది, దాన్ని వ్యాపారం చేసిన అన్నదమ్ములు పుట్టింది రంగూన్‌లో, కంపెనీ స్థిరపడింది సింగపూర్‌లో, బావ కొన్నది కువైట్‌లో, రాసేది దిండిలో మా అత్త మోకాళ్ళకి. తర్వాత స్విస్ వాచీ. 2017 నుంచి అక్కడి చట్టం ప్రకారం ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండులో జరగాలి. మిగతా 40 ఎవరిదో వాచీ చెప్పదు, టైము మాత్రం చెబుతుంది. తర్వాత ఫోను. 2009 నాటి ఐఫోనుని ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారు. తయారీ ఖర్చు 178.96 డాలర్లు. అందులో చైనాలో బిగించినందుకు పడ్డది ఆరున్నర డాలర్లు. ముక్కలు జపాను, కొరియా, జర్మనీ, అమెరికాల నుంచి వచ్చినవి. అయినా వాణిజ్య లెక్కల పుస్తకంలో మొత్తం 178.96 చైనా ఎగుమతే. మన బోల్టుల బాబు కూడా అదే బడిలో చదువుకున్నట్టున్నాడు.

ఈ ముద్రల గోల ఈనాటిది కాదు. 1887లో బ్రిటన్ వాడు జర్మనీ సరుకుని జనం ఈసడించుకోవాలని, దాని మీద "మేడ్ ఇన్ జర్మనీ" అని కొట్టి తీరాలన్నట్టు చట్టం తెచ్చాడు. కొన్నాళ్ళకి జనం ఆ ముద్ర వెతుక్కుని మరీ కొన్నారు. వెలివేయడానికి పెట్టిన మచ్చ కల్యాణ తిలకమైంది.

మావయ్య ఇంతసేపూ మాట్లాడకుండా చెరువు కేసి చూస్తున్నాడు. "అయితే మరి రొయ్య ఎవరిదిరా?" అన్నాడు. అక్కడ నా నోరు మూతపడింది.

మా చెరువుల్లో తిరిగేది వనామి. దాని పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. 2009లో దాని పెంపకానికి మన ప్రభుత్వం ఒప్పుకుంది. తల్లి రొయ్యలు హవాయి నుంచి, ఫ్లోరిడా నుంచి విమానమెక్కి వస్తాయి. చెన్నై దగ్గర నీలాంకరైలో క్వారంటైన్‌లో ఉండి హేచరీకి చేరతాయి. పిల్లలకి అక్కడ పెట్టే ఉగ్గు ఆర్టీమియా. దాని గుడ్లకి పేరుమోసిన చోటు అమెరికాలోని యూటా రాష్ట్రపు ఉప్పు సరస్సు. అంటే తల్లి అమెరికా, ఉగ్గుపాలు అమెరికా, ఆఖరికి తినే నోళ్ళలో పెద్ద వాటా కూడా అమెరికాదే. మనవి ఉప్పునీళ్ళు, కరెంటు బిల్లు, మేత కొట్లో ఖాతా. పొదిగింది, పెంచింది ఇక్కడే కాబట్టి చట్టప్రకారం అది భారతీయ రొయ్యే. మేమూ కాదనం. ఆ పేరు చెప్పే 2025 ఆగస్టు 27న అమెరికా దాని నెత్తిన సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అంతకుముందు నుంచీ ఉన్న యాంటీ డంపింగ్ సుంకం దానికి అదనం. ఇంకో వింత వినండి. అమెరికా సూపర్‌మార్కెట్ లేబులు చట్టంలో పచ్చి రొయ్యకైతే దేశం పేరు రాయాలి, పిండి అద్దిన రొయ్యకి అక్కర్లేదు. సుంకం కట్టేటప్పుడు గోత్రం కావాలి, బజ్జీ వేసేటప్పుడు అక్కర్లేదు.

"ఈ లెక్కన మన వశిష్ఠ పాయ మాత్రం ఎవరిది?" అని బావ గోదారి కేసి చెయ్యి చూపించాడు. నది పుట్టుక అడగకూడదన్నారు పెద్దలు. కానీ ఎటకారం మొదలెట్టాక ఆగుతామా? పుట్టింది త్ర్యంబకంలో. దారిలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ముక్కలు కలిశాయి. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టి నీళ్ళు పంచాడు. ప్యాకింగు అంతర్వేదిలో. ఏ కస్టమ్స్ అధికారైనా దీనికి దేశం రాయమంటే "సముద్రం తాలూకా" అని రాసి చేతులు కడుక్కోవాల్సిందే.

నిజాయితీగా ఊరి పేరు చెప్పుకునే సరుకు మా జిల్లాలోనే ఒకటుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులో వేసే జీడిపప్పుకి అసలు పుట్టిల్లు బ్రెజిల్, పోర్చుగీసు వాళ్ళు తెచ్చిన మొక్క అది. ఆ గింజలూ మన దేశంలో సరిపోక ఆఫ్రికా నుంచి ఓడల్లో దిగుతున్నాయి. అయినా ఆ పూతరేకుని ఎవరూ ఆఫ్రికాది అనరు. బోర్లించిన కుండ మీద పిండిగుడ్డ లాగి ఉల్లిపొర లాంటి రేకు తీసే చెయ్యి ఆత్రేయపురానిది. పని ఎవరిదో వాళ్ళ పేరే రాశారు. మా ఏరియేటరు మీద స్టిక్కరు అంటించిన చెయ్యి పేరు రాశారు. తేడా అంతే.

మావయ్యకి దేశభక్తి లేక కాదు, గేర్‌బాక్సు లేక ఇదంతా. రాత్రి చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే. అప్పుడు యంత్రం ఆగితే పొద్దున్నకి రొయ్య తేలిపోతుంది. చైనా గేర్‌బాక్సు పెట్టినా ఆయనకి అభ్యంతరం లేదు, అది చైనాదని ముందే చెబితే ఇంకోటి కొని ఇంట్లో పెట్టుకునేవాడు. కాబట్టి రైతు సోదరులారా, ఈసారి ఏరియేటరు కొనేటప్పుడు స్టిక్కరు చదవడం మానేసి మూత తీయించండి. మోటారు ఎక్కడిది, గేర్‌బాక్సు ఎక్కడిది, పోతే ఎన్నాళ్ళకి తెచ్చిస్తారు, ఈ మూడూ బిల్లు మీద రాయించి సంతకం పెట్టించుకోండి. రాయనన్న కొట్లో కొనకండి. మావయ్య గేర్‌బాక్సు కంటైనరు ఇంకా రాలేదు.