రోము దాకా ఎందుకు, కామారెడ్డి చాలదా?

ఎలిజబెత్ రాణి కాలపు నాటకకర్తలకు రోమన్ల మీద అంత మోజెందుకని ఇంగ్లీషు ఎమ్మే పిల్లల్ని అడుగుతుంటారు. పేజీల కొద్దీ జవాబులు రాస్తారు పాపం. ఒక్క మాట చాలు: ప్రాణభయం. రాణి తర్వాత గద్దె ఎవరిదని నోరు విప్పితే నేరం. 1599లో ఇంగ్లండు చరిత్ర అచ్చేయాలంటే రాణిగారి మంత్రాంగం అనుమతి ఉండాల్సిందే అన్నారు. అదే ఏడు షేక్‌స్పియర్ సీజర్‌ను రంగం మీద పొడిపించాడు. చచ్చింది రోమువాడు, అదీ పదహారు వందల ఏళ్ల కిందట. కేసు పెట్టేదెవరు?

అయినా అందరికీ సాగలేదు. బెన్ జాన్సన్ 1603లో ‘సెజానస్’ ఆడించి విచారణకు తిరిగాడు. ఫుల్క్ గ్రెవిల్ తన ఆంటొనీ-క్లియోపాత్రా నాటకాన్ని తనే మంటల్లో వేశాడు. మన రచయితలు అంతకంటే తెలివైనోళ్లు. కాల్చే పని పడకుండా అసలు రాయనే రాయరు.

కథలకు కరువా? రాణి పోయాక, 1608 ప్రాంతంలో షేక్‌స్పియర్ ‘కోరియొలేనస్’ రాశాడు. ఆకలిగొన్న జనం తిరగబడటంతో మొదలవుతుంది. కామారెడ్డిలో 2023 జనవరిలో మాస్టర్ ప్లాన్ తమ పొలాల్ని పారిశ్రామిక జోన్‌లో కలుపుతోందని రైతులు కలెక్టరేట్‌ను ముట్టడించారు. ఆ నెలలోనే మున్సిపాలిటీ ముసాయిదా రద్దుకు తీర్మానించింది. మొదటి అంకం సిద్ధం.

ఆ నాటకంలోని రోమన్ సేనాని కోరియొలేనస్ బజార్లో నిలబడి గాయాలు చూపించి ఓటడగడానికి నామోషీ పడ్డాడు. మనవాళ్లకు ఆ బాధ లేదు. గాయాల్లేకపోయినా ఇస్త్రీపెట్టె పట్టి, దోసె తిప్పి, గడ్డం గీసి మరీ అడుగుతారు. అదే ఏడు డిసెంబరు 3న వచ్చిన అసెంబ్లీ ఫలితాల్లో కామారెడ్డి జనం అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌నూ, నాలుగు రోజుల్లో ముఖ్యమంత్రి కాబోయే రేవంత్‌రెడ్డినీ కలిపే ఓడించారు. గెలిచిన వెంకటరమణారెడ్డికి వచ్చిన ఆధిక్యం 6,741. ఇంత మలుపు కోరియొలేనస్ జీవితకథ రాసిన ప్లూటార్క్‌కు కూడా దొరకలేదు.

కోరియొలేనస్‌ను రోము వెళ్లగొడితేనే శత్రువుల్లో కలిశాడు. అదే జిల్లా ఎల్లారెడ్డిలో 2018లో చెయ్యి గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యేను ఎవరూ వెళ్లగొట్టలేదు. 2019 జూన్‌లో పన్నెండు మంది గుంపులో గులాబీ గూటికి చేరారు. 2023లో జనమే ఆ లెక్క తేల్చారు. నాలుగో అంకం, ఐదో అంకం కూడా అయిపోయాయి.

రాసినోడు ఎవడు? వేదికెక్కితే మళ్లీ మయసభలో దుర్యోధనుడే జారిపడాలి.

ఎలిజబెత్ నాటకాలు చదివి కత్తిరించడానికి టిల్నీ అనే అధికారిని జీతమిచ్చి పెట్టుకుంది. మన సర్కార్లకు ఆ ఖర్చు తప్పింది. ఏ పార్టీ గద్దెనెక్కినా ప్రతి రచయితా ఆ నౌకరీ ఉత్తపుణ్యానికే చేస్తున్నాడు. శాలువా కప్పే చేతిని కథలో పెడితే వచ్చే ఉగాదికి ఆ శాలువా ఇంకొకరి భుజం మీద ఉంటుంది కదా!