ఫొటోతో బెదిరిస్తుంటే వినకూడని మాటలు

"అన్నయ్యా, ఫోన్లో ఉన్నదంతా కొట్టేయండి." మొన్న చీడికాడలో నా జిరాక్స్ షాపుకొచ్చిన అమ్మాయి అన్న మొదటి మాట ఇది. ఫోను చున్నీ అంచులో చుట్టి పట్టుకుంది. తెర మీద వరసగా మెసేజీలు: డబ్బులు వెయ్యి, లేదంటే ఫొటోలు మీ నాన్నకి వెళ్తాయి. కొట్టేయమన్నది వాళ్ల పిన్నట.

కొట్టేస్తే పోయేది మన దగ్గరున్న సాక్ష్యమే, బెదిరించేవాడి దగ్గరున్న ఫొటో పోదు. తేదీ, టైము, నంబరు కనబడేలా అన్నీ స్క్రీన్‌షాట్లు తియ్యాలి. లింకుంటే అదీ దాచాలి. బ్లాక్ చెయ్యడం ఆ తర్వాతే.

"డబ్బులిచ్చి వదిలించుకో" అంటారు. ఇస్తే వారం తిరక్కుండా మళ్లీ అడుగుతాడు.

"నువ్వే పంపావు కదా, కేసేం నిలుస్తుంది?" ఈ మాట వింటే నాకు కోపం ఆగదు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్‌లోనే రాసుంది: ఫొటో తీయడానికి ఆడమనిషి ఒప్పుకున్నా, పదిమందికి పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్లు జైలు. లైంగిక చర్యలున్న వీడియో నెట్‌లో పెడితే ఐటీ చట్టం 67ఏ కింద ఐదేళ్ల దాకా పడొచ్చు. పశ్చిమ బెంగాల్లో తమ్లుక్ కోర్టు 2018లో ఒక ఇంజినీరింగ్ కుర్రాడికి సరిగ్గా ఐదేళ్లు వేసింది.

అన్నిటికన్నా చెడ్డది "పెద్దమనుషుల్లో పెడదాం" అనడం. పెద్దమనుషులు ముందు అడిగేది "ఏదీ, ఫొటో చూపించండి" అని. ఇద్దరు చూడాల్సింది పదిమంది చూస్తారు. చివరికి వాడికే ఇచ్చి పెళ్లి చేసెయ్యమంటారు. బెదిరించినవాడి చేతిలో పిల్లని పెట్టడం తీర్పా?

ఊళ్లో తెలిసిపోతుందని భయమా? జీరో ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్లోనైనా రాస్తారు, చోడవరం వెళ్లినా విశాఖ వెళ్లినా. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇలాంటి ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. బాధితురాలు ఫిర్యాదు చేస్తే ఇలాంటి ఫొటోని రెండు గంటల్లో తీసెయ్యాలని 2026లో సవరించిన ఐటీ నిబంధనలే యాప్‌లవాళ్లకి గడువు పెట్టాయి. పద్దెనిమిది నిండని పిల్ల అయితే పోక్సో కూడా పడుతుంది. అలాంటి ఫొటో సాక్ష్యమని చెప్పి కూడా ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకండి.

ఆ సాయంత్రం అమ్మాయి మెసేజీలు ప్రింటు తీస్తే పద్నాలుగు పేజీలొచ్చాయి. కాగితాలు బోర్లించే లెక్కపెట్టాను. ఫైలు నా కంప్యూటర్లోంచి ఆ అమ్మాయి చేతే తీసేయించాను. పిన్ని బయట బండి మీద కూర్చుని ఉంది. స్టేషనుకి తోడు వెళ్లమని ఆమెకే చెప్పాను.