ఆడ ఊసరవెల్లికి కడుపునిండా పెట్టకండి

మాదాపూర్‌లో ఫ్లాట్ తీసుకుని అందులో ఆడ ఊసరవెల్లిని పెంచుతున్నవాళ్లకు నేను చెప్పే మాటలు మొదట అడ్డదిడ్డంగా వినిపిస్తాయి. తిండి తగ్గించండి. వేడి తగ్గించండి. దగ్గరికి వెళ్లకండి. గుడ్లు పెడితే పొదిగించకండి. మూగజీవిని ప్రేమించేవాళ్లు చెప్పే మాటలేనా ఇవి అని అడుగుతారు. ప్రేమ ఉండబట్టే చెబుతున్నాను. ఇంట్లో పెరిగే ఆడ ఊసరవెల్లికి ప్రాణం మీదికి తెచ్చేది ఆకలి కాదు, గుడ్లు.

ముందు మీ దగ్గరున్నది ఏ జాతో చూసుకోండి. ఊరి చివర తుమ్మచెట్టు మీద దొరికిన మన ఊసరవెల్లి అయితే పెంచడానికి వీల్లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇస్తోంది, అటవీ శాఖకు అప్పగించాల్సిందే. పెంపుడు జంతువుగా ఎక్కువగా అమ్మేది యెమెన్, నైరుతి సౌదీ కొండల జాతి వీల్డ్ కెమీలియన్, నడినెత్తిన ఎముక నిలువుగా లేచి ఉంటుంది. ఇది వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం రెండో జాబితాలో ఉంది కాబట్టి 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. వెనక పాదాల మడమ దగ్గర చిన్న ముల్లులాంటి బొడిపె ఉంటే మగది, పుట్టుకనుంచే ఉంటుంది. అది లేకపోతే కింద చెప్పేదంతా మీకోసమే.

ఐదారు నెలలు నిండాయంటే ఇది మగ తోడు లేకుండానే గుడ్లు పెట్టగలదు, ఫారంకోడి పుంజు లేకుండా పెట్టినట్టే. కాకపోతే కోడి పెట్టేది రోజుకొకటి. ఇది ఇరవయ్యో, నలభయ్యో, బాగా మేపిన ఇంట్లో ఎనభయ్యో ఒక్క విడతలో పెడుతుంది. ఆ పెంకులకు కావలసిన కాల్షియం తిండిలో అందకపోతే సొంత ఎముకల్లోంచి లాక్కుంటుంది. ఏడాదిలో రెండు మూడు విడతలు ఇలా గడిస్తే ఆ చిన్న ఒంట్లో ఇంకేం మిగులుతుంది?

ఎన్ని గుడ్లు కట్టాలో దాని ఒళ్లు తేల్చుకునేది దొరికే తిండిని బట్టి, వెచ్చదనాన్ని బట్టి. దాని సొంత కొండల్లో వానలు పడి పురుగులు పుష్కలంగా దొరికే కొద్దికాలమే పిల్లల కాలం. మన హాల్లో ఏడాది పొడవునా ఆ కాలమే: పైన వెచ్చటి బల్బు, పొద్దున కీచురాళ్లు, సాయంత్రం మళ్లీ కీచురాళ్లు, ఇంటికొచ్చిన చుట్టాలు ముచ్చటపడి వేసేవి అదనం. మన ఇళ్లలో కడుపుతో ఉన్న పిల్లకు ఇద్దరి తిండి తినమని చెప్పడం అలవాటు. ఇక్కడ ఆ మాట పనికిరాదు. ఎదిగే వయసులో రోజూ పెట్టాల్సిందే. ఎదుగుదల నెమ్మదించాక మాత్రం రోజు విడిచి రోజు, పూటకు నాలుగైదు పురుగులు చాలు. అడుగు తీసి అడుగు వేయడానికి ఆలోచించే జీవి మిమ్మల్ని చూసి గబగబా గూటి ముందుకు వస్తుంది, రెండు కళ్లూ మీ చేతిలోని డబ్బా మీదే నిలుపుతుంది. అప్పుడు కరిగిపోకండి. గూట్లో మందారం మొక్క పెట్టండి, ఆకులు కొరుక్కుంటుంది. కాల్షియం పొడిని మాత్రం తగ్గించకూడదు. వేసే ప్రతి పురుగునూ ఆ పొడిలో దొర్లించి వేయండి. విటమిన్ డీ3 కలిసిన పొడి నెలకు రెండుసార్లు చాలు.

వేడి సంగతీ అంతే. ఎడారి జంతువు కదా అని నలభై డిగ్రీల ఎండలో బాల్కనీలో వేలాడదీసేవాళ్లున్నారు. అది ఎడారిది కాదు, రాత్రిళ్లు చల్లబడే కొండలది. ఎదిగిన ఆడదానికి బల్బు కింద 27 డిగ్రీలు చాలు, రాత్రికి ఇంకా తగ్గాలి. మే నెలలో ఏసీ లేని గది అంతకంటే వేడెక్కుతుంది, అలాంటప్పుడు బల్బు ఆర్పేయండి. ఇంకో సంగతి, నిలువెత్తు అద్దాల కిటికీ పక్కన పెట్టి ఎండ తగులుతోంది కదా అనుకోకండి. మామూలు గాజు ఎండలోని యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలను లోపలికి రానివ్వదు, వేడిని మాత్రం రానిస్తుంది. యూవీబీ ట్యూబు కొనక తప్పదు. దాన్ని టైమర్‌కు కలపండి. అమెరికా వేళల్లో పనిచేసి తెల్లవారుజామున మూడింటికి ఇంటికొచ్చి లైట్లన్నీ వేస్తే దానికి నిద్ర ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం ఇసుక తొట్టి. గుడ్లు కనిపించాక కొందాంలే అనకండి, ఐదో నెలనుంచి గూట్లో అది ఎప్పుడూ ఉండాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు. రోబో ఇసుక వద్దు, గరుకుగా ఉంటుంది. కడిగిన నది ఇసుక తెచ్చి, నీళ్లు చిలకరించి, వేలితో సొరంగం చేసి చూడండి. కూలిందంటే తడి చాలలేదు, అడుగున నీరు నిలిచిందంటే ఎక్కువైంది. ఇది తొట్టి అడుగు తగిలేదాకా తవ్వుతుంది, లోపలికి దిగి వెనక్కి తిరిగి గుడ్లు పెట్టి, మళ్లీ పూడ్చి, పైన కాళ్లతో అదుముతుంది. చోటు నచ్చకపోతే గుడ్లు కడుపులోనే పెట్టుకుని తిరుగుతుంది. చాలా ఇళ్లలో ముప్పు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

సమయం దగ్గరపడిందని దాని ఒంటిమీదే తెలుస్తుంది. రంగు మార్చేది చెట్టులో కలిసిపోవడానికే అని మనకు చిన్నప్పటినుంచీ చెప్పారు. నిజానికి ఎక్కువగా అది తన స్థితిని తోటి జీవులకు తెలపడానికే. ముదురు ఆకుపచ్చ మీద నీలం, పసుపు చుక్కలు తేలాయంటే కడుపుతో ఉన్నట్టు. ఆ తర్వాత కొన్ని వారాలకు తిండి మానేసి గూడంతా తిరుగుతుంది, కిందికి దిగి నేల గీరుతుంది. అప్పటినుంచీ మీరు దాన్ని చూడకండి. గూటి చుట్టూ దుప్పటి కప్పి, దానికి కనపడకుండా గమనించడానికి ఏ మూలో చిన్న సందు వదలండి. తవ్వేటప్పుడు ఎవరో చూస్తున్నారని తెలిస్తే గుంట వదిలేస్తుంది. ఫోన్‌తో వీడియో తీయాలన్న ఉబలాటం మీకు ఎంత ఉన్నా ఆ రోజు వద్దు, స్నేహితులను పిలవడమూ వద్దు.

అయితే చూడకపోవడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. తవ్వి తవ్వి గుడ్లు పెట్టకుండానే నీరసపడినా, పట్టపగలు కళ్లు మూసుకున్నా, కళ్లు గుంటలు పడినా, కొమ్మ పట్టు వదిలి కింద పడి ఉన్నా అది గుడ్లు ఇరుక్కున్న లక్షణం. ఆ పూటే ఎక్స్‌రే తీయించాలి. పక్షులకు, సరీసృపాలకు వైద్యం తెలిసిన డాక్టరు నంబరు గుడ్లు రాకముందే ఫోన్‌లో ఉంచుకోండి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో ముందే విచారించి పెట్టుకోండి. ఇంట్లో కడుపు నొక్కి చూడటం, ఎవరో చెప్పిన ఇంజెక్షన్ ఇవ్వడం దాన్ని చంపడమే.

గుడ్లు పెట్టాక ఒంటికి బురద అంటుకుని, ఒళ్లు సన్నబడి పైకెక్కుతుంది. నా మాటకు మినహాయింపు ఇక్కడొక్కచోటే: ఆకుల మీద నీళ్లు చాలాసేపు చిలకరించండి, మూడు నాలుగు రోజులు అడిగినంత పెట్టండి. తర్వాత మళ్లీ రోజు విడిచి రోజు.

ఇక ఆ గుడ్లు. తవ్వి తీసి, లెక్కపెట్టి, ఫ్రీజర్‌లో పెట్టండి. మగదానితో కలవనివి ఎలాగూ పిల్లలు కావు. కలిసినవైనా, బయటికి వచ్చేసరికి లోపలి పిండం ఇంకా తొలిదశలోనే ఉంటుంది, నెలల తరబడి అక్కడే ఆగిపోతుంది. నొప్పి తెలిసే నరాలేవీ అప్పటికి దానికి ఉండవు. ఒక్కసారి మగదానితో కలిసినది ఆ బీజాన్ని దాచుకుని తర్వాతి విడతల్లో కూడా పిల్లలయ్యే గుడ్లు పెట్టగలదు. కాబట్టి ఒంటరిగా ఉంది కదా అన్న ధీమా వద్దు.

తప్పకుండా పొదిగించాలని ఉంటే, కోడి గురించి తెలిసినదంతా పక్కన పెట్టండి. కోడిగుడ్డుకు 37.5 డిగ్రీలు, రోజూ తిప్పడం, ఇరవై ఒక్క రోజులు. ఊసరవెల్లి గుడ్డును ఆ మెషీన్‌లో పెడితే ఉడికిపోతుంది, తిప్పితే పిండం చచ్చిపోతుంది. తవ్వినప్పుడు ఏ వైపు పైన ఉందో మెత్తటి పెన్సిల్‌తో గుర్తు పెట్టి అదే వైపు ఉంచాలి. మిద్దెతోటలవాళ్లు కొనే వెర్మిక్యులైట్ ఒక డబ్బాలో తీసుకుని, దాని బరువు కంటే కాస్త తక్కువ బరువు నీళ్లు కలిపి, గుడ్లను సగం దాకా అందులో దించి, మూత పెట్టండి. వారానికోసారి మూత తీసి గాలి ఆడనివ్వండి. 25 నుంచి 27 డిగ్రీల్లో ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. వేడి మార్చి ఆడా మగా నిర్ణయించవచ్చనేది మొసళ్లకు, తాబేళ్లకు సంబంధించిన సంగతి, ఈ జాతిలో అలా జరగదు. కార్తీకంలో పెట్టిన గుడ్లు మాదాపూర్ మే నెలను దాటాలని గుర్తుంచుకోండి. థర్మాకోల్ పెట్టెలో థర్మామీటరుతో సహా, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే లోపలి గదిలో పెట్టండి.

పిల్లలు వచ్చాక నలభై నోళ్లు. పండ్ల ఈగల్లాంటి చిన్న పురుగులు రోజూ కావాలి. కొన్ని వారాలకే ఒకదాన్నొకటి కరుస్తాయి, విడివిడిగా ఉంచాలి. పుట్టినవాటి సంగతీ చనిపోయినవాటి సంగతీ పరివేశ్‌లో తెలపాలి. భరించలేక దుర్గం చెరువు గట్టునో, కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లోనో వదిలేద్దామన్న ఆలోచన ఒకరికి తప్పక వస్తుంది. 1972లో హవాయి దీవుల్లో ఓ పెంపుడు జంతువుల వ్యాపారి, కెన్యా నుంచి వచ్చిన జాక్సన్ ఊసరవెల్లులు ప్రయాణంలో నీరసించాయని తేరుకోవడానికి ఇంటి తోటలో వదిలాడు. అవి అక్కడే పాతుకుపోయాయి, ఇతర దీవులకూ చేరి అక్కడి నత్తలనూ పురుగులనూ తింటున్నాయి. మీ వీల్డ్ జాతే ఫ్లోరిడాలో స్థిరపడింది, హవాయిలోని మావీ దీవిలోనూ బయటపడింది. మన తోటల్లో సొంత ఊసరవెల్లి ఉంది, తొండలున్నాయి; మీరు వదిలితే ముప్పు వాటికే.

అందుకే గుడ్డు డబ్బాలోకి వెళ్లకముందే కాగితం మీద పేర్లు రాయండి: గూడు, యూవీబీ ట్యూబు, ఇసుక తొట్టి, రిజిస్ట్రేషన్‌తో సహా నిజంగా పెంచగలమని మాటిచ్చినవాళ్ల పేర్లు. నలుగురు ఉంటే నాలుగు కంటే కాస్త ఎక్కువ గుడ్లు ఉంచుకోండి. మిగిలినవి ఆ రోజే ఫ్రీజర్‌కు, ఏడో నెలలో కాదు.